దాణా వేసినవాడిదే ఆట

రాయపూర్‌లో జీఈ రోడ్డు మీద తిరిగే తెలుగువాళ్లకు రాజ్‌కుమార్ కాలేజీ కొత్త కాదు. పేరుకు కాలేజీయే గానీ అది బడి. 1882లో జబల్పూరులో మొదలై 1894లో ఈ ఊరికి మారింది. అప్పట్లో అందులో చేరాలంటే తండ్రికి ఒక సంస్థానమో జమీందారీయో ఉండాలి. ఛత్తీస్‌గఢ్ నుంచీ ఒడిశా కొండసీమల నుంచీ వచ్చిన రాజుల పిల్లలు ఇక్కడ ఇంగ్లీషు, లెక్కలు, దొరలతో మసలుకునే తీరు నేర్చుకున్నారు. వాటితోపాటు గుర్రపుస్వారీ. రాజ్‌కోట్, అజ్మీర్, ఇండోర్, లాహోర్‌లలో కూడా ఇంగ్లీషువాళ్లు ఇలాంటి బళ్లే పెట్టించారు.

స్వారీ మీద వాళ్లకు అంత పట్టుదల ఎందుకంటే, సంస్థానాధీశుడికి యుద్ధం చేసే పని లేకుండా పోయింది. సరిహద్దులు ఖాయమైపోయాయి, సైన్యం ఊరేగింపులకే మిగిలింది. పనిలేని రాజు భోగాల్లోనైనా పడతాడు, కుట్రల్లోనైనా దిగుతాడు. రెండూ తెల్లదొరకు తలనొప్పే. అందుకని కుర్రవాణ్ణి జీను దిగకుండా చూడాలి, వాడి పౌరుషమంతా సాయంత్రానికి మైదానంలో ఖర్చయిపోవాలి, ఓడినా నవ్వుతూ చెయ్యి కలపడం రావాలి. ఈ మూడూ ఒకేచోట దొరికే ఆట పోలో. రాచబిడ్డల పెంపకంలో ఆ ఆట అంతగా కలిసిపోయింది కాబట్టే, పోలో అంటే రాజుల ఆట అన్న ముద్ర మన మనసుల్లో ఇప్పటికీ చెరగలేదు.

ఆ ముద్ర సగమే నిజం. ఈ దేశంలో ఇంగ్లీషువాళ్లకు పోలో నేర్పింది రాజకుమారులు కారు. మణిపూర్‌లో చెప్పుల్లేని కాళ్లతో, పొట్టి గుర్రాలెక్కి, దేవుడి పేరు చెప్పుకుని ఆడిన మామూలు మనుషులు. అక్కణ్ణుంచి ఆట దండులోకి, దండు నుంచి దర్బారుకి, దర్బారు నుంచి డబ్బున్నవాళ్ల క్లబ్బులకి చేతులు మారింది. మారిన ప్రతిసారీ ఆటకున్న అర్థం కూడా మారింది. ఆ మార్పును అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన దారి ఒకటే: గుర్రానికి దాణా ఎవరు వేస్తున్నారో చూడటం.

ముందు ఆట సంగతి. పోలో పేరు వినని తెలుగువాడు ఉండడు, ఆట చూసినవాడు అరుదు. సికింద్రాబాద్‌లో బైసన్ పోలో మైదానం పేరు 2017లో రోజూ పేపర్లలో వచ్చింది. కొత్త సచివాలయం అక్కడ కడతామని తెలంగాణ ప్రభుత్వం అనడం, ఆ నేల రక్షణ శాఖది కావడం, జనం వద్దనడం, హైకోర్టులో కేసులు, ఇదంతా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ గొడవలో మైదానం గురించి మాట్లాడినవాళ్లే అంతా, పోలో గురించి మాట్లాడినవాళ్లు దాదాపు లేరు.

ఇప్పటి పోలోలో జట్టుకు నలుగురు. మైదానం పొడవు 300 గజాలు, వెడల్పు 160 గజాలు, అంటే సుమారు 10 ఎకరాలు. రెండు చివర్లా 8 గజాల ఎడంతో రెండేసి స్తంభాలు. వాటి మధ్య నుంచి బంతి పోతే గోలు. ప్రతి ఆటగాడి కుడిచేతిలో వెదురో పేమో చేసిన పొడుగాటి కర్ర, దాని చివర అడ్డంగా బిగించిన చెక్క. గుర్రం గంటకు 50 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెడుతుంటే, రౌతు పక్కకు వంగి, పిడికిలంత బంతిని ఆ చెక్కతో కొట్టాలి. ఎడమచేతివాటం వాడైనా సరే కుడిచేత్తోనే ఆడాలి. లేకపోతే ఇద్దరు రౌతులు ఒకే బంతి మీదికి ఎదురెదురుగా దూసుకొస్తారు.

నియమాల్లో ప్రాణంలాంటిది ఒకటుంది. కొట్టిన బంతి వెళ్లే దారిని ఒక కనపడని గీతగా లెక్కపెడతారు. ఆ గీత వెంట వస్తున్నవాడికి హక్కు. పెద్ద రోడ్డు మీద వచ్చే బండికి సందులోంచి వచ్చేవాడు ఆగి దారిచ్చినట్టు, మిగతావాళ్లు ఆ గీతను ప్రమాదకరంగా కోసుకుంటూ పోకూడదు. పక్కనే సమానంగా వచ్చి, తన గుర్రం భుజంతో అవతలి గుర్రాన్ని నెట్టి గీత మీంచి తప్పించడం మాత్రం ఒప్పే. కొట్టబోతున్నవాడి కర్రకు తన కర్ర తగిలించి ఆపడమూ ఒప్పే. గోలు పడ్డ ప్రతిసారీ జట్లు వైపులు మార్చుకుంటాయి, ఎండా గాలీ ఒక్కరికే కలిసిరాకుండా. ఒక్కో ఆటగాడి సత్తాకు మైనస్ 2 నుంచి 10 దాకా అంకె ఇస్తారు. జట్టులో నలుగురి అంకెలు కూడితే తక్కువ వచ్చినవాళ్లకు ఆ తేడాను బట్టి కొన్ని గోల్స్ ముందే కలుపుతారు. 10 అంకె దక్కినవాళ్లు ప్రపంచమంతా వెతికినా కొద్దిమందే.

ఇక అసలు సంగతి. ఆటను ఏడేసి నిమిషాల చక్కర్లుగా విడగొడతారు. మామూలు పోటీల్లో నాలుగు, పెద్ద పోటీల్లో ఆరు, ఎనిమిది దాకా. చక్కర్ ఏడు నిమిషాలే ఎందుకయ్యా అంటే, అంత ఉరుకులాటకు గుర్రం తట్టుకునేది అంతే. చక్కర్ ముగియగానే మనిషి దిగి మరో గుర్రం ఎక్కుతాడు. నలుగురి జట్టు నాలుగు చక్కర్లు ఆడాలన్నా తక్కువలో తక్కువ ఎనిమిది గుర్రాలు కావాలి. పెద్ద పోటీల్లో ఒక్క ఆటగాడికే ఆరేడు తెస్తారు. ఒక్కో గుర్రానికి లాయం, దాన్ని చూసుకునే సయీసు, నాడాలు, పశువైద్యుడు, రోజూ గడ్డి, ఉలవలు. ఆట నెలకు రెండుసార్లే ఉన్నా గుర్రం తినేది రోజూ. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. క్రికెట్‌కు కర్రముక్క చాలు, కబడ్డీకి అదీ అక్కర్లేదు. పోలోలో మాత్రం ఆడేవాడి నైపుణ్యం కంటే ముందు దాణా లెక్క తేలాలి. ఈ ఆట చరిత్రంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది.

గుర్రాలమీద కర్రలతో బంతిని తరమడం ఇరాన్‌లో చాలా పాతది. అక్కడ దాని పేరు చౌగాన్. ఇస్ఫహాన్ నగరం నడిబొడ్డున నక్ష్-ఎ-జహాన్ చౌకులో రాతి గోలు స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అజర్‌బైజాన్‌లోని కరబాఖ్ గుర్రాల చౌగాన్‌ను యునెస్కో 2013లో, ఇరాన్ చౌగాన్‌ను 2017లో సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చింది. ఇరాన్‌లో ఆటతోపాటు వాద్యాలూ కథాగానమూ ఉంటాయి, అవీ ఆ గుర్తింపులో భాగమే. తుర్కులు ఈ ఆటను ఢిల్లీకి తెచ్చారు. బానిస వంశపు మొదటి సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రంతో సహా పడి చనిపోయాడు.

అక్బరుకు ఈ ఆట పిచ్చి. అయితే అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో దాన్ని వినోదంగా రాయలేదు. మనుషుల దమ్ము, గుర్రాల అదుపు, ఎవరెవరికి పొత్తు కుదురుతోంది, ఇవన్నీ పాదుషా ఆటలో కనిపెడతాడని రాశాడు. అంటే అది సర్దార్లకు పరీక్ష. చీకటి రాత్రుల్లో కూడా అక్బర్ ఆడించేవాడు. దానికి పలాశ కర్రతో బంతులు చేసి నిప్పు ముట్టించేవారు. ఆ కర్ర తేలిక, చాలాసేపు రాజుకుంటూ ఉంటుంది. పలాశమంటే మన మోదుగే. రాయపూర్ దాటి ఏ దిక్కుకు పోయినా ఫాల్గుణంలో ఎర్రగా పూసేది ఆ చెట్టే. దాని ఆకులతో విస్తళ్లు కుట్టుకున్నాం, పూలతో హోళీ రంగు కాచుకున్నాం. దాని కొయ్యకు నిప్పుపెట్టి రాత్రిపూట పోలో ఆడొచ్చన్న ఆలోచన మాత్రం గుర్రపుశాలలు నిండా ఉన్న పాదుషాకే వచ్చింది.

మొగలుల తరవాత మైదాన ప్రాంతాల్లో చౌగాన్ సన్నగిల్లింది. మిగిలింది రెండు కొసల్లో, కొండల్లో. పడమటి కొసన గిల్గిట్, బాల్టిస్తాన్. తూర్పు కొసన మణిపూర్. మనం ఎక్కువసేపు ఆగాల్సింది ఈ రెండో చోట.

మణిపూర్‌లో ఆట పేరు సగోల్ కాంగ్‌జెయ్. కాంగ్బా అనే పురాణకాలపు రాజు దీన్ని మొదలుపెట్టాడని అక్కడి లోయవాసులైన మెయితెయ్‌లు చెప్పుకుంటారు. పదిహేడో శతాబ్దంలో ఖగెంబా రాజు నియమాలు దిద్దాడు. వాళ్లకు ఈ ఆటకంటూ ఒక దేవుడున్నాడు, పేరు మార్జింగ్. ఇంఫాల్ దగ్గర హైంగాంగ్ కొండ ఆయన స్థానం. గుర్రానికీ ఆటకూ ఆయనే అధిపతి. లాయ్ హరావోబా అనే గ్రామదేవతల ఉత్సవంలో కాంగ్‌జెయ్‌కూ చోటుంది. మనకు జాతరలో పోతురాజు ఎలాగో వాళ్లకు గుర్రమూ కర్రా అలాగ. భక్తి, బలప్రదర్శన, ఊరి వేడుక విడదీయలేనంతగా పెనవేసుకుపోయాయి. కాంగ్లా కోట లోపల రాచవారికి ఒక మైదానం ఉండేది, మనుంగ్ కాంగ్‌జెయ్‌బుంగ్. కోట బయట జనానికి ఇంకొకటి, మాపల్ కాంగ్‌జెయ్‌బుంగ్. ప్రపంచంలో ఇప్పటికీ ఆట సాగుతున్న పోలో మైదానాల్లో అతి పాతది అని మణిపురీలు గర్వంగా చూపించేది ఆ రెండోదాన్నే.

ఆడే తీరు వేరు. జట్టుకు ఏడుగురు. గోలు స్తంభాలు లేవు. బంతి ఎదుటివాళ్ల వెనక గీత దాటితే చాలు. బంతి వెదురు దుంపతో చేసింది. మైదానం మధ్యలో రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడితే పెద్దమనిషి బంతిని పైకి విసురుతాడు. అక్కణ్ణుంచి కర్రతో కొట్టొచ్చు, గాల్లోనే చేత్తో పట్టుకోవచ్చు, పట్టుకుని గుర్రాన్ని ఉరికించి, మళ్లీ ఎగరేసి కర్రతో బాదొచ్చు. తలపాగా, పిక్కలకు కట్టు, ఉత్త పాదాలు. జీనుకు రెండు పక్కలా వెడల్పాటి తోలు రెక్కలు వేలాడతాయి, రౌతు కాళ్లకు దెబ్బ తగలకుండా. అవి ఆట కోసం పుట్టినవి కావు, యుద్ధం కోసం. మణిపూర్ ఆశ్వికదళం అరాంబాయ్ అనే బాణపు ముల్లును గుర్రం మీంచే వెనక్కి తిరిగి విసిరేది. పద్దెనిమిదో శతాబ్దంలో గరీబ్‌నివాజ్ రాజు ఈ దళంతోనే బర్మా లోపలి దాకా దాడులు చేశాడు. అంటే శాంతికాలంలో మాపల్ మైదానంలో సాయంత్రం ఆట ఆడే కుర్రాడే యుద్ధం వస్తే రౌతు.

మరి ఆ గుర్రాలకు దాణా వేసింది ఎవరు? జవాబు, ఎవరూ కాదు. మణిపురీ గుర్రం ఎత్తు 11 నుంచి 13 జానల లోపు. ఇక్కడ జాన అంటే గుర్రాలను కొలిచే నాలుగంగుళాల కొలత, కాబట్టి భుజం దగ్గర ఎత్తు నాలుగడుగులకు అటూ ఇటూ. ఊళ్లవాళ్లు పని ఉన్నప్పుడు పట్టుకొస్తారు, లేనప్పుడు వదిలేస్తారు. లోయ నిండా పాట్ అని పిలిచే చిత్తడి నేలలు, వాటిలో నీటిగడ్డి. గుర్రం తనే మేసి, తనే తిరిగి బతికేది. దాణా ఖర్చు లేదు కాబట్టి ఆట సామాన్యుడికి అందింది. మణిపూర్‌లో పోలో జనం ఆట కావడానికి దైవభక్తి ఒక్కటే కారణమని నేననుకోను. ఉమ్మడి మేతబీడు లేకపోతే మార్జింగ్‌ను కొలిచేవాళ్లుండేవారేమో గానీ ఆడేవాళ్లు రాజబంధువులే అయ్యేవారు.

ఆట అక్కణ్ణుంచి బయటికి రావడం వెనక ఒక ఘోరం ఉంది. 1819 నుంచి 1826 దాకా బర్మా సైన్యాలు మణిపూర్‌ను ఏడేళ్లపాటు తొక్కేశాయి. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు వేలల్లో పక్కనున్న కాచార్‌కు పారిపోయారు. వెంట గుర్రాలనూ ఆటనూ తీసుకెళ్లారు. తరవాత అదే కాచార్‌లో తేయాకు తోటలు వచ్చాయి, తోటల వెంట దొరలు వచ్చారు. కాందిశీకులు ఆడుతున్న ఆటను లెఫ్టినెంట్ జోసఫ్ షెరర్, కెప్టెన్ రాబర్ట్ స్టూవర్ట్ చూసి, తామూ గుర్రాలెక్కారు. 1859లో సిల్చర్‌లో తెల్లవాళ్ల మొదటి పోలో క్లబ్బు. 1862లో కలకత్తాలో ఇంకొకటి, అది నేటికీ ఉంది. షెరర్ మణిపురీ ఆటగాళ్లను కలకత్తా తీసుకెళ్లి ఆడించాడు. 1869లో లండన్ పక్కన హౌన్‌స్లోలో అశ్వికదళాల అధికారులు ఆడారు. మరికొన్నేళ్లకు అర్జెంటీనా, అమెరికా చేరింది. ఇంగ్లండ్‌లో హర్లింగ్‌హామ్ క్లబ్బు నియమాలు రాసింది: గోలు స్తంభాలు, జట్టులో తక్కువమంది, చేత్తో పట్టి పరుగెత్తడం నిషేధం. మొదట్లో గుర్రం ఎత్తుకు పరిమితి కూడా ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక దాన్ని ఎత్తేశారు. పొడుగు కాళ్ల మేలుజాతి గుర్రాలు దిగాక, ఆటను ప్రపంచానికిచ్చిన పొట్టి గుర్రానికి ఆ ప్రపంచపు మైదానంలో చోటు లేకుండా పోయింది.

ఇక్కడ దాణా లెక్క మారింది. ఇంగ్లీషు అధికారి ఎక్కే గుర్రానికి మేత దండు ఖాతాలోది. అశ్వికదళం ఎలాగూ గుర్రాలను మేపాలి, సయీసులకు జీతమివ్వాలి. ఆ గుర్రాలమీదే సాయంత్రం పోలో. పైపెచ్చు రౌతుకు కసరత్తు. సంస్థానాధీశులకూ ఇదే నచ్చింది. వాళ్ల సైన్యాలకు మిగిలిన పని తక్కువ, లాయాల్లో గుర్రాలు మాత్రం ఎక్కువ.

మన హైదరాబాదుకు పోలో వచ్చింది ఈ దారినే. నిజాం సైన్యానికి అధిపతిగా పనిచేసిన అఫ్సర్-ఉల్-ముల్క్ స్వయంగా పోలో ఆటగాడు, గోల్కొండ జట్టుకు దేశమంతా పేరు రావడం వెనక ఆయన ఉన్నాడు. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం ఉన్న ఫతే మైదాన్ అప్పుడు పోలో మైదానం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంగ్లీషు పటాలాలకు వేరే మైదానాలు. సంస్థానాల రౌతులకు ఈ ఆట ఉత్త ఆటే కాదు, యుద్ధానికి కసరత్తు కూడా అనడానికి ఢిల్లీలో ఒక సాక్ష్యం నిలబడి ఉంది. తీన్‌మూర్తి కూడలిలో ముగ్గురు బల్లెం పట్టిన సైనికుల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మిగతా రెండు జోధ్‌పూర్, మైసూరు వాళ్లవి. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ మూడు సంస్థానాల రౌతులూ ఒకే బ్రిగేడుగా పాలస్తీనాలో పోరాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని బల్లేలతో గుర్రాలమీద దూసుకెళ్లి పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు దళాలు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. మనం పోలీసు చర్య అంటాం, సైన్యం కాగితాల్లో దాని పేరు ఆపరేషన్ పోలో. హైదరాబాద్‌లో 17 పోలో మైదానాలుండేవని, ప్రపంచంలో మరే ఊళ్లోనూ అన్ని లేవని, అందుకే ఆ పేరు పెట్టారని చెప్పుకుంటారు. సైనిక రహస్యనామాలకు కారణాలు వెతకడం అంత నమ్మదగిన పని కాదు గానీ, ఆ మాట నిలబడిపోవడంలో ఒక అర్థముంది. రజాకార్ల దౌర్జన్యం, వెట్టి, తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం ఒకపక్క. 17 పోలో మైదానాలు ఇంకొకపక్క. ఆ గుర్రాలకు దాణా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలంగాణ రైతుకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కోస్తాలోనూ రాజులు వెనకబడలేదు. గోదావరి సీమలోని కొలంక పేరు చాలామంది తెలుగువాళ్లకే తెలియదు, పోలో లోకానికి తెలుసు. కొలంక కప్పు అని ఒక వెండి ట్రోఫీ ఉంది, ఎత్తు సుమారు 6 అడుగులు. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రీడా ట్రోఫీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. గెలిచినవాడు దాన్ని ఎత్తి చూపించలేడు, పక్కన నిలబడి ఫొటో దిగాల్సిందే. ఆ కప్పులో నాకు జమీందారీ కాలం మొత్తం కనిపిస్తుంది: ఆట కన్నా బహుమానం పెద్దది.

ఒక అనుమానం రావచ్చు. మణిపూర్‌లోలాగ మన పల్లెల్లో గుర్రపు ఆట ఎందుకు పుట్టలేదు? మన నేల గుర్రానిది కాదు. దక్కనూ తీరమూ మేలైన గుర్రాలను పెంచడానికి అనువుగా లేవు. పదమూడో శతాబ్దం చివర్లో తమిళ తీరానికి వచ్చిన మార్కోపోలో, ఏటా వేల గుర్రాలు ఓడల్లో దిగుతాయని, ఇక్కడి తిండికి, ఎండకు అవి నిలవవని రాశాడు. విజయనగర రాజులు హోర్ముజ్ గుర్రాల కోసం పోర్చుగీసువాళ్లతో స్నేహం నడిపారు. ఓడలో చచ్చిన గుర్రానికి కూడా డబ్బిచ్చేవారని నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాశాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో రేవులు బాగుచేసి గుర్రాలు, ఏనుగులు దిగుమతయ్యేలా చూడాలన్నాడు. సముద్రం దాటి, ఖజానా ఖర్చుతో వచ్చే జంతువు సంత బయట మేసే జంతువు కాలేదు. అది మొదటి రోజు నుంచే రాజుది. మనకు దొరికింది ఎద్దు. కాబట్టి మన పందాలు ఎద్దులతో: ఒంగోలు జాతితో బండలాగుడు, సంక్రాంతికి ఎడ్ల పరుగు. ఛత్తీస్‌గఢ్‌లోనూ అంతే. మన లెక్కలో శ్రావణ అమావాస్యకు వచ్చే పోలా పండగలో ఎడ్లకు పూజచేసి, అలంకరించి, పరుగెత్తిస్తారు. పిల్లలకు మట్టి ఎడ్లు కొనిపెడతారు.

అయినా గుర్రం బస్తర్ మనిషి ఊహలోకి వచ్చింది, వేరే దారిలో. కొండగావ్ చుట్టుపక్కల ఘడ్వా పనివాళ్లు పోతపోసే ఇత్తడి బొమ్మల్లో గుర్రమెక్కిన రావ్ దేవ్ ఉంటాడు. ఊరి పొలిమేరను కాసే దేవుడాయన. దేవగుడుల దగ్గర మొక్కుబడిగా ఇచ్చిన మట్టి గుర్రాలు కనిపిస్తాయి. గుర్రం ఎక్కడ అపురూపమో అక్కడ అది దేవుడి వాహనమవుతుంది. మట్టి గుర్రానికి దాణా అక్కర్లేదు కూడా.

రాజుల కాలం ముగిశాక పోలో నడక త్వరగానే చెప్పొచ్చు. దండుల్లో గుర్రాల స్థానంలో ట్యాంకులొచ్చాయి. సంస్థానాల గుర్రపు దళాల్లో మిగిలినవాటిని కలిపి 1953లో 61వ కావలరీ ఏర్పరిచారు. జైపూర్ మహారాజు రెండో మాన్‌సింగ్ జట్టు అంతకుముందే 1933లో ఇంగ్లండ్‌లో ఎదురులేకుండా గెలిచింది. ఆయన నాయకత్వంలోనే 1957లో ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో భారత జట్టు ప్రపంచకప్పు నెగ్గింది. ఆ తరవాత 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఒక రాజ్యాంగ సవరణతో వందల లాయాలకు దాణా ఆగిపోయింది. ఆటను నిలబెట్టింది సైన్యం, ఆ తరవాత కంపెనీలు, వ్యాపార కుటుంబాలు. రాజుల ఆట పోయి స్పాన్సర్ల ఆట వచ్చింది. హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర నేడు నడుస్తున్న పోలో కూడా ఈ తరహాదే. దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. అందులో ఊరికి చోటు లేదు, అంతే. బైసన్ మైదానం కోసం జనం గొంతెత్తింది కూడా ఖాళీ స్థలం కోసం, పొద్దున్నే నడిచే దారి కోసం, పిల్లల క్రికెట్ కోసం.

మణిపూర్ సంగతి వేరు. అక్కడ రాజు పోయినా ఆట పోలేదు, ఎందుకంటే దాణా రాజుది కాదు. దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. ఇంఫాల్ పెరిగే కొద్దీ చిత్తళ్లు పూడ్చి ఇళ్లు, ఆఫీసులు కట్టారు. గుర్రాలకు పెద్ద మేతబీడుగా ఉన్న లాంఫెల్‌పాట్‌లో చాలా భాగం అలాగే పోయింది. మేత కోసం ఊళ్లోకొచ్చిన గుర్రాలు చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ తిని చస్తున్నాయి, రాత్రిళ్లు బండ్ల కింద పడుతున్నాయి. పశుగణన ప్రకారం మణిపురీ గుర్రాలు 2003లో 1,898, 2012లో 1,101, 2019లో 1,089. రాష్ట్రమంతా కలిపి లెక్క ఇది.

ప్రభుత్వం 2016లో ఈ జాతి పరిరక్షణకు ఒక విధానం ప్రకటించింది. 2023 జనవరిలో హైంగాంగ్ కొండ మీద, గుర్రమెక్కి కర్ర పట్టిన మార్జింగ్ విగ్రహం, సుమారు 120 అడుగులది, కేంద్ర హోంమంత్రి చేతులమీదుగా ప్రారంభమైంది. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది ఆడపిల్లల పోలో. 2016 నుంచి ఇంఫాల్‌లో మహిళల పోటీలు జరుగుతున్నాయి, విదేశాల జట్లు వచ్చి ఇదే పొట్టి గుర్రాలమీద మణిపురీ అమ్మాయిలతో తలపడుతున్నాయి. ఎత్తు పరిమితి ఎత్తేసిన ప్రపంచం మళ్లీ ఆ పొట్టి గుర్రం ఎక్కడానికి ఇంత దూరం వస్తోంది. ఈ అమ్మాయిల్లో ఎక్కువమందికి సొంత గుర్రం లేదు. క్లబ్బులవీ, ఇంకా గుర్రాలు ఉంచుకున్న కొద్దిమంది యజమానులవీ తెచ్చుకుని ఆడతారు. ఆ యజమానులు చాలామంది ధనవంతులు కారు. వాళ్ల తాతల కాలంలో గుర్రం ఉంచుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఇప్పుడు తవుడూ గడ్డీ కొనాలి. అందుకే వాళ్లు ప్రభుత్వాన్ని మొదట అడిగేది కొత్త స్టేడియం కాదు, పెద్ద బహుమతులూ కాదు. గుర్రాలు తమంతట తాము మేసి తిరగడానికి ఊరికి దగ్గర్లో కొంత చిత్తడి నేల.